ఆకాశగోపురం ఇటుక

అనగా అనగా, ఆకాశం ఇంకా కాస్త కిందికి ఉన్న రోజుల్లో, మణికేతుడని ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు: రత్నపాలుడు, వీరపాలుడు, శీలపాలుడు. ఏడు సముద్రాల అవతల పూర్వం ఒక ఆకాశగోపురం ఉండేదట. దానికన్నా ఎత్తయింది కట్టాలని రాజుగారి పంతం.

కట్టించాడు, కట్టించాడు. ఒకరోజు పైనుంచి ఒక కూలివాడు ఇటుకల తట్టతో సహా పడిపోయాడు. రాజు పరుగెత్తుకొచ్చి, "అయ్యో, ఇటుకలు పగిలాయా?" అన్నాడు.

అంతే పిల్లలూ! ఆ క్షణం నుంచి ఆ రాజ్యంలో ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు. సున్నం తెమ్మంటే నిచ్చెన తెచ్చేవాళ్లు. ఉప్పడిగితే ఉయ్యాల ఊపేవాళ్లు.

రాణిగారు రోజూ కొడుకుల్ని ఒకే మాట అడిగేది. పెద్దవాడు ముత్యాలు తెచ్చాడు. కాదని తలూపింది. రెండోవాడు పట్టుచీర తెచ్చాడు. కాదని తలూపింది. శీలపాలుడు చల్లటి నీళ్లు తెచ్చాడు. కాదని కళ్లనీళ్లు పెట్టుకుంది. అడిగీ అడిగీ, పాపం, మంచం పట్టింది.

అమ్మ ఏం అడుగుతోందో తెలియకుండానే అమ్మ పోతుందేమోనని శీలపాలుడికి దిగులు. ఏటిగట్టున కూర్చుని ఏడుస్తుంటే ఒక కొంగ వాలింది. శాపం మనుషులకే గాని పక్షులకి కాదు కదా!

"ఇది కుంభకేశుడనే మాంత్రికుడి శాపం. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలకని ఆకాశగోపురం కొసన పెట్టిన చిట్టచివరి ఇటుకలో దాచాడు. ఎక్కు నా వీపు!" అంది కొంగ.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. తీరా చూస్తే గోపురమే లేదు! నలుచదరంగా పెద్ద గుంట, గుంట నిండా నీళ్లు, చుట్టూ రెల్లు. ఆ నీళ్లలో ఒక ముసలివాడు అడుగు బురద దేవుతున్నాడు. గట్టున నీలవేణి అనే పిల్ల గేదెని కడుగుతోంది.

"గోపురాన్ని దేవుడు గాలివానతో పడగొట్టాడని మా పాత గ్రంథాల్లో ఉందే! ఆ రాళ్లూ రప్పలూ ఏవి?" అడిగాడు శీలపాలుడు. తన రాజ్యం దాటాడు గనక అతని మాట ఆమెకి తెలిసింది.

నీలవేణి కిసుక్కున నవ్వింది. "దేవుడికి అంత తీరికెక్కడిది బాబూ! మా తాతలే ఇటుకా ఇటుకా మోసుకుపోయి ఇళ్లు కట్టుకున్నారు. గోపురం ఇటుక పెట్టందే మా ఊళ్లో కొత్త పొయ్యి వెలిగించరు. అదిగో, ఆ కుంభకేశుడు తాత కూడా గోపురం కూలిపోయిందనుకుని చిట్టచివరి ఇటుక కోసం బురద దేవుతూనే ఉన్నాడు."

శీలపాలుడు ఆలోచించాడు. గోపురం కూలలేదు, విప్పారు. విప్పేవాళ్లు పైనుంచే కదా విప్పుతారు!

"ఈ ఊళ్లో మొట్టమొదట కట్టిన ఇల్లెవరిది?"

"ఇంకెవరిది? మాదే!"

ఇద్దరూ పరుగెత్తి, పొయ్యి వెనక ఇటుక లాగారు. ఇటుక డొల్ల. లోపల వెచ్చగా చిలక. "అత్తా, కూరలో ఉప్పెక్కువైంది!" అంది. అన్నేళ్లూ వంటింటి మాటలే విన్నది మరి!

శీలపాలుడు చిలక మెడ పట్టుకుని గుంట దగ్గరికొచ్చాడు. "శాపం తీస్తావా, నులమనా?"

ముసలివాడు బురదలోనే కూలబడ్డాడు. "నులుము నాయనా. నా కొడుకు ఆ గోపురం మీంచే పడ్డాడు. ఇటుక పడితే వందమంది ఏడ్చారు. వాడు పడితే ఒక్కడూ తిరిగి చూడలేదు. ఏడుపు వినపడనివాళ్లకి మాటలెందుకని శపించాను. మళ్లీ మీ నాన్న నోట అదే ఇటుకల మాట! అందుకే మీ రాజ్యానికీ ఆ శాపమే తగిలింది."

శీలపాలుడి చెయ్యి సడలింది. "నీ కొడుకు పేరేంటి తాతా?"

ఆ మాట ఇన్నాళ్లకి అడిగినవాడు అతనొక్కడే. "సోమన్న," అన్నాడు ముసలివాడు. సోమన్న కోసం ముగ్గురూ ఏడ్చారు. కొంగ కూడా ఏడ్చింది. శీలపాలుడు చిలకని తాత భుజాన ఎక్కించాడు.

"శాపం తీశాను. పో నాయనా, మీ అమ్మ మాట విను," అన్నాడు కుంభకేశుడు.

"మరి నువ్వు వస్తావా మా ఇంటికి?" అని శీలపాలుడు నీలవేణిని బెరుగ్గా అడిగాడు.

"పొయ్యి పీకేశావుగా! ఈపూట ఎలాగూ మా ఇంట్లో వంట లేదు, పద!"

"ఇద్దరినా!" అని కొంగ మూలిగింది గాని, మోసింది.

ఇల్లు చేరగానే శీలపాలుడు అమ్మ మంచం దగ్గరికి పరుగెత్తాడు. అమ్మ కళ్లు తెరిచి, రోజూ అడిగే మాటే అడిగింది.

"అన్నం తిన్నావా నాయనా?"

"లేదమ్మా," అన్నాడు శీలపాలుడు.

రాణిగారు మంచం దిగి, అన్నం కలిపి పెట్టింది.

రాజుగారు పడిపోయిన కూలివాడి పేరు అడిగి తెలుసుకున్నాడు. ఎల్లయ్యట. గోపురం విప్పించి, మొదటి ఇటుకల తట్ట తనే నెత్తిన పెట్టుకుని ఎల్లయ్య పెళ్లాం గుమ్మంలో దించాడు. మిగతావి ఇల్లు లేని వాళ్లందరికీ పంచాడు. నీలవేణితో పెళ్లి చేసి, శీలపాలుడికే పట్టం కట్టాడు. వాళ్లు ఎంతకాలం ఏలారంటే, మోసిన కొంగకి మునిమనవలు పుట్టేదాకా. ఆ రాజ్యంలో గోపురం లేదు గాని, వేళకి పొగ లేవని ఇల్లు ఒక్కటీ లేదట!