ఎర్రచుక్క బ్యాటరీ

పుండరీకం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. నరసాపురం వాశిష్ఠ నాట్య సమాజంలో ఆయన దగ్గర వేషాలు నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఏడుపు సీనులో కన్నీళ్ళు ఎలా రప్పించుకోవాలండీ అని అడిగిన ఒకాయన్ని ఓసారి చేపల మార్కెట్టుకు పంపి, అమ్ముడుపోని బుట్టతో తిరిగి వెళ్ళే ఆడమనిషి వెనకాలే ఆవిడ ఇంటిదాకా నడిచి రమ్మన్నారు. అందుకని ఆయన్ని ఏదైనా అడగాలంటే అందరికీ కాస్త జంకే. మృత్యుంజయం కూడా చాలా రోజులు జంకాడు. చివరికి ఇక మోయలేక, ఒక మధ్యాహ్నం మందుల షాపు మూసేసి మాస్టారి అరుగు మీదికి వచ్చి కూచున్నాడు.

"మాస్టారూ, తప్పు చేశానండి. ఒప్పుకున్నాను. క్షమించమని అడిగాను కూడా. అయినా మనసు తేలికపడ్డం లేదు. ఎందుకంటారు?"

ఆ తప్పేమిటో మాస్టారికి సగం తెలుసు. మిగతా సగం శిష్యుడు తలొంచుకుని, నీళ్ళు నములుతూ చెప్పుకొచ్చాడు.

ఆ సమాజానికి ఒక పాత అలవాటుంది. నటులు నడుముకు కట్టుకునే వైర్‌లెస్ మైకు డబ్బాల్లో ప్రతి ఆటకీ కొత్త పెన్సిల్ బ్యాటరీలు వేసేవారు. ఆట అయ్యేసరికి వాటిలో సగం సత్తువ మిగిలుండేది. ఇంకో ఆటకి వాడుదామంటే నమ్మకం చాలదు, పారేద్దామంటే మనసొప్పదు. అందుకని మేకప్ కడుక్కున్నాక తలా ఒకటి జేబులో వేసుకుని వెళ్ళిపోయేవారు. సభ్యుల ఇళ్ళలో గోడ గడియారాలన్నీ అలా ఏళ్ళ తరబడి నాటకాల మీదే నడిచాయి.

మృత్యుంజయానికి ఇది బొత్తిగా నచ్చేది కాదు. చార్జింగ్ పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వాడే బ్యాటరీలు ఉండగా ఈ దుబారా ఏమిటని సమావేశంలో గొంతు చించుకున్నాడు. "ఆట మధ్యలో చార్జింగు దిగిపోతే మా గతేంటండీ?" అని పెద్దలు సణిగితే, వాళ్ళ ముందే మైకు పెట్టి, ఒక పూట ఆట మొత్తం నడిచేంత సేపు ఆగకుండా మాట్లాడి చూపించాడు. ఆ పూట విన్నవాళ్ళు బ్యాటరీకి కాకపోయినా అతని ఓపికకు ఒప్పుకున్నారు. బ్యాటరీలు వచ్చాయి. మేకప్ పెట్టెలోంచి గోళ్ళరంగు తీసి, ఏ డబ్బాకి ఏ జంటో తెలిసేలా చుక్కలు పెట్టాడు. ఎర్రచుక్కలు తల్లి వేషాలు వేసే నూకరత్నం డబ్బాకి, గులాబీ చుక్కలు తన డబ్బాకి, అలా. "ఈ జంటల్ని ఎవరైనా విడదీశారో, ఊరుకోను. ఒకటి నిండుగా, ఇంకొకటి ఖాళీగా ఉంటే ఖాళీది నిండుదాన్ని కూడా ముంచేస్తుంది. గడియారాలకు ఎవరివి వాళ్ళు కొనుక్కోండి" అని ఎదురుపడిన ప్రతివాళ్ళకీ పాఠం చెప్పేవాడు. పక్క ఊళ్ళ సమాజాల వాళ్ళు వచ్చి అడిగి తెలుసుకుని వెళితే ఛాతీ ఇంతయ్యేది.

మాస్టారు రాసిన పడవ సరంగు నాటకం ఆడిన రోజు పొద్దున్నే మృత్యుంజయం షాపులో గడియారం ఆగిపోయింది. చార్జింగ్ నిండిన బ్యాటరీల సంచీ కౌంటరు మీదే ఉంది. ఎన్నో ఏళ్ళుగా అలవాటైన చెయ్యి, దాని పని అది చేసేసింది. సంచీలోంచి ఒకటి తీసి గడియారంలో వేశాడు. గడియారంలో అంతదాకా ఉన్నదీ సమాజానిదే. అదీ ఇలాగే, ఈ ఒక్కసారికి అనుకుని పాత జంటల్లోంచి తెచ్చిందే, చుక్క ఎప్పుడో చెరిగిపోయింది. దాన్ని చార్జింగుకి పెడదాం అనుకుంటుండగా ఎవరో జ్వరం మందుకోసం వచ్చారు. చేతిలో ఉన్నదాన్ని సంచీలో పడేసి మందు అందుకున్నాడు. అంతటితో ఆ సంగతి మర్చిపోయాడు. సాయంత్రం బ్యాటరీలు వేసే హడావుడిలో ఎర్రచుక్క ఒకటే కనబడితే, రెండోదాని చుక్క చెరిగిపోయిందనుకుని, చుక్కలేనిదాన్ని దానికి జతచేశాడు. పచ్చ లైటు వెలిగింది. అతనికి అది చాలు.

నూకరత్నం వీవర్స్ కాలనీలో బట్టలు కుడుతుంది. ఆ నాటకంలో సరంగు తల్లి ఆవిడే. చివరి రంగంలో, మునిగిపోయిన పడవ కోసం రేవులో నిలబడి గోదావరితో మాట్లాడుతుంది. ఆ మాటల కోసమే ఊళ్ళో ఆడవాళ్ళు పనులు మానుకుని వస్తారు. ఆ రోజు ఆవిడ నోరు విప్పిన కాసేపటికే మైకు గుటుక్కుమంది. "వినపడట్లేదు" అని వెనకనుంచి కేకలు. ఆవిడ గొంతు పెంచింది, చాల్లేదు. పక్కతెర వెనక తన వంతు కోసం నిలబడ్డ మృత్యుంజయానికి ఒళ్ళు మండిపోయింది. పెద్దలంతా ఇప్పుడేమంటారో అతనికి ముందే వినబడింది. ఇది తన బ్యాటరీల తప్పు కాకూడదు, ఎవరిదైనా కావాలి. పక్కనున్న మనిషితో పళ్ళు నూరుతూ అనేశాడు.

"డబ్బా ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను! చీర సర్దుకుంటూ స్విచ్చి నొక్కేసుంటుంది. కుట్టుమిషను తొక్కేవాళ్ళకి మైకులు కడితే ఇలాగే తగలడుతుంది!"

సరిగ్గా అప్పుడే, నూకరత్నం గొంతు ఎక్కడ పోయిందో వెతుకుతూ, మిక్సర్ దగ్గరున్నాయన అన్ని మీటలూ పైకి తోసేశాడు. మృత్యుంజయం నడుముకున్న మైకు నిక్షేపంగా పనిచేస్తోంది. అతనన్న ప్రతి మాటా రెండు పక్కల పెద్ద పెట్టెల్లోంచి హాలంతా మోగింది. ఒక క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత ఒకరు నవ్వారు, ఆ వెంటనే అందరూ నవ్వారు. కొడుకు శవం కోసం రేవులో నిలబడ్డ తల్లి, ఆ నవ్వుల మధ్య తన మాటలు తాను ఆఖరిదాకా చెప్పుకుని లోపలికి వచ్చింది. నడుమునుంచి డబ్బా విప్పి, వైరు చక్కగా చుట్టి బల్ల మీద పెట్టింది. "నేను ముట్టుకోలేదండి" అంది. అంతే. ఆ తర్వాత రిహార్సల్స్‌కు రాలేదు. చిరిగిన వేషాలు పంపిస్తే మాత్రం కుట్టి పంపేది.

షాపు గడియారం మళ్ళీ ఆగినప్పుడు గానీ మృత్యుంజయానికి నిజం తెలియలేదు. మూత తీస్తే ఎర్రచుక్క కనబడింది. తన చేత్తో తాను పెట్టిన చుక్క. తల కొట్టేసినట్టయింది.

"మరి ఏం చేశావు?" అన్నారు మాస్టారు.

"వాళ్ళింటికి వెళ్ళానండి. ఇంకెవరూ లేకుండా చూసి వెళ్ళాను, ఆవిడకి ఇబ్బందిగా ఉంటుందని. తప్పు నాదేనమ్మా అని చెప్పాను. 'సరేలెండి, పొరపాట్లు జరుగుతాయి' అని మిషను తొక్కుకుంటూనే ఉంది. అంతకంటే నేనేం చెయ్యగలనండి?"

మాస్టారు లేచి కండువా భుజాన వేసుకున్నారు. "హాలు తాళాలు పట్రా. నీ మైకు కూడా" అన్నారు.

హాలు ఖాళీగా ఉంది. ఉక్కగా ఉందని మాస్టారు వీధి తలుపులు బార్లా తీయించారు. మిక్సర్ ఆన్ చేయించి, మృత్యుంజయాన్ని ఆ రోజు నిలబడ్డ పక్కతెర వెనకే నిలబడమన్నారు. తాను పోయి చిట్టచివరి వరుసలో కూచున్నారు.

"ఆ రోజు ఏమన్నావో అను. అలాగే అను."

మృత్యుంజయానికి కోపంలో తన్నుకుంటూ వచ్చిన మాటలు ఇప్పుడు ఒక్కొక్కటీ కూడబలుక్కోవాల్సి వచ్చింది. కుట్టుమిషను దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. మాస్టారు ఊరుకోలేదు, అది కూడా అనమని చెయ్యి ఊపారు. అన్నాడు. ఖాళీ హాల్లో ఆ మాట నవ్వులేమీ అడ్డులేకుండా మోగి, తిరిగి వచ్చి అతని మొహాన కొట్టింది. ఇంత నీచంగా అన్నానా అనుకున్నాడు. వీధిలో టీ కెటిల్ పట్టుకుని పోతున్న సాయిబు గుమ్మంలో ఆగి తొంగిచూశాడు.

"ఏంటండీ, మళ్ళీ స్విచ్చి రత్నం ఆటా?" అని నవ్వాడు.

"స్విచ్చి రత్నమా? అదెవరు?" అన్నాడు మృత్యుంజయం.

"తెలీదా అండీ? ఆ కుట్టే ఆవిడండీ. ఇప్పుడందరూ అలాగేగా పిలిచేది! మొన్న బ్లౌజులు ఇవ్వడానికొస్తే మా వీధి ఆడోళ్ళు 'స్విచ్చి రత్నం వచ్చింది, ఫ్యాను కట్టేస్తుందేమో చూడండే' అన్నారండీ, ఒకటే నవ్వులు" అని చెప్పి సాయిబు తన దారిన పోయాడు.

మృత్యుంజయం తెర గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ తన మనసు బరువే అతనికి తెలుసు. ఆవిడ ఆ పేరు మోస్తూ వీధులు తిరుగుతోందన్న సంగతి అతని ఊహకే రాలేదు.

"ఇప్పుడు మైకు తీసెయ్. ఆవిడ ఇంట్లో ఏం చెప్పావో అది చెప్పు. ఎలా చెప్పావో అలాగే" అన్నారు మాస్టారు వెనకనుంచి.

డబ్బా విప్పేసి, ఆ రోజు ఆ గుమ్మంలో నిలబడి గొణిగినట్టే గొణిగాడు. మాస్టారు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మళ్ళీ చెప్పాడు. ఆయన తల అడ్డంగా ఊపి లేచి వచ్చారు.

"మొదటిది అక్కడిదాకా వచ్చిందోయ్. రెండోది రాలేదు" అన్నారు. తాళం వేసి ఇద్దరూ ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళారు.

తల్లి వేషానికి మనిషి లేక సమాజం ఆ నెల పడవ నాటకం మానుకుని, ఒక పాత ప్రహసనం వేసింది. ఆదివారం మధ్యాహ్నపు ఆట. జనం బాగానే వచ్చారు. కుట్టిన వేషాలు ఇవ్వడానికి వచ్చిన నూకరత్నాన్ని మాస్టారు "ఆట చూసి వెళ్ళమ్మా" అని ఆపేశారు. ఆవిడ ఆడవాళ్ళ వైపు గోడవార కుర్చీలో, ఒళ్ళో ఖాళీ సంచీతో కూచుంది.

తెర లేవకముందు మృత్యుంజయం ముందుకొచ్చాడు. సగం మేకప్పులో ఉన్నాడు, విదూషకుడి వేషం. జనం అప్పుడే నవ్వడానికి సిద్ధపడ్డారు.

"ఇది ఆటలోది కాదండి" అన్నాడు. "పోయిన పడవ నాటకంలో నూకరత్నం గారి మైకు ఆగిపోయింది. ఆవిడే స్విచ్చి నొక్కేశారని నేనన్నాను, మీరంతా విన్నారు. ఆవిడ నొక్కలేదండి. ఆవిడ మైకులో ఉండాల్సిన బ్యాటరీ నా షాపు గడియారంలో ఉంది. నేనే పెట్టుకున్నాను. ఖాళీది ఆవిడకిచ్చాను. కుట్టుమిషను గురించి కూడా ఒక మాటన్నాను. నా ఒంటిమీద ఈ వేషం, నా వెనకున్న ఈ తెర ఆవిడ కుట్టినవే. నిజం తెలిశాక కూడా ఎవరూ వినకుండా ఆవిడకొక్కదానికే చెప్పి వచ్చేశాను. ఆవిడకు ఇంకో పేరు పెట్టి పిలుస్తున్నారట. ఏదైనా పేరు పెట్టాలంటే నాకు పెట్టండి."

వెనకనుంచి ఎవరో, "అయితే మేం టైము చూసుకునేది ఆ గడియారంలోనేనా మృత్యుంజయంగారూ!" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. దాని కింద నిలబడి మాటలు పూర్తిచేసిన మనిషి గుర్తొచ్చి తలెత్తలేకపోయాడు. వేషం ఎలాగో వేసి దిగాడు.

ఆట అయ్యాక గేటు దగ్గర ఆడవాళ్ళు నూకరత్నం చుట్టూ మూగారు. "అదేంటి రత్నం, మాతో ఒక్క మాటైనా చెప్పలేదే!" అంటోంది ఒకావిడ. "చెప్తే నమ్ముదురేంటండీ మీరు?" అంది నూకరత్నం. ఆవిడ మాటకు ఎవరూ నవ్వలేదు. ఒకావిడ చటుక్కున ఆవిడ చేతిలో సంచీ అందుకుంది. మాట్లాడుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళిపోయారు. నూకరత్నం మృత్యుంజయం ముందునుంచే వెళ్ళింది, అతని వైపు చూడలేదు.

మాస్టారు మెట్ల మీద చెప్పులు వేసుకుంటున్నారు. మృత్యుంజయం ఆయన పక్కన నిలబడ్డాడు. మొహం మీద రంగు చెమటకు కారిపోయి ఉంది.

"ఊరందరి ముందూ చెప్పానండి. ఊరంతా నవ్వారు. ఆవిడైతే నా మొహమైనా చూడలేదు. ఇంత చేసినా నాకు తేలికపడలేదు మాస్టారూ."

మాస్టారు రోడ్డు మీద ఆడవాళ్ళ మధ్య నడిచిపోతున్న నూకరత్నం వైపు చూశారు.

"తేలికపడాల్సింది నువ్వటోయ్?" అన్నారు.