మద్దిలేటి విన్నది

మద్దిలేటి చెవుల్లో ఒక మోత ఉండేది. రెండేళ్ళుగా ఉంది. నిద్రపోయినంతసేపే దాని బాధ తప్పేది. పొద్దున కళ్ళు తెరిచేసరికి అది అతనికంటే ముందే లేచి కూర్చుని ఉండేది.

నాపరాయి గనిలో పనిచేసే రోజుల్లో రాయి పగలగొట్టే మందు తూటా ఒకటి వేళ కాని వేళ పేలింది. పక్కనున్న ఇద్దరికి రాళ్ళు తగిలాయి, మద్దిలేటికి చిన్న గీత కూడా పడలేదు. అదృష్టవంతుడివన్నారు అందరూ. వాళ్ళ పెదవులు కదలడం కనిపించింది గానీ మాట వినిపించలేదు. నాలుగు రోజులకు వినికిడి తిరిగొచ్చింది. వెంట ఈ మోతనూ తెచ్చుకుంది. అది చాలదన్నట్టు, పళ్ళెం కింద పడినా, కుక్కర్ కూత వేసినా, ఎవరైనా గట్టిగా తుమ్మినా చెవిలో ఉలి దిగినట్టు నొప్పి.

పట్నంలో డాక్టరు చెవిలోకి దీపం వేసి చూసి, ఏమీ లేదు, అలవాటు చేసుకోమన్నాడు. భార్య సుంకులమ్మ అతని చెవికి చెవి ఆనించి మరీ వింది. "నాకేం ఇనపడల్యా" అంది. ఆమె తప్పేముంది, ఆమెకు నిజంగానే వినపడలేదు.

ఒకరోజు మూడేళ్ళ కూతురు స్టీలు గ్లాసుతో బండల మీద కొడుతూ ఆడుకుంటోంది. మద్దిలేటి ఒక్క ఉదుటున లేచి ఆ గ్లాసు లాక్కుని వీధిలోకి విసిరేశాడు. పిల్ల ఏడవలేదు. అదే ఘోరం. ఆనాటి నుంచి తండ్రి గడప తొక్కగానే పిల్ల చేత్తో నోరు మూసుకునేది, మునివేళ్ళ మీద నడిచేది. తనను చూసి తన ఇల్లే ఊపిరి బిగబట్టడం మద్దిలేటి వారం రోజులు చూశాడు. ఎనిమిదో రోజు ఎవరికీ చెప్పకుండా ఊరు దాటాడు.

అట్లా నడిచి నడిచి దస్తగిరి తాత తకియా దగ్గర ఆగాడు. ఫకీర్లు ఉండే చోటును అక్కడ తకియా అంటారు. ఎర్రకొండ కింద నాలుగు రాతి గదులు, ఒక చేదబావి, అంతే. తాత ఫకీరే గానీ చేసేది కంచు గంటలు పోసే పని. మేకల మెడలకు, ఎద్దుల మెడలకు. సాయిబులూ వచ్చేవాళ్ళు, హిందువులూ వచ్చేవాళ్ళు. గంట కావలసినవాళ్ళు గంట, మంచిమాట కావలసినవాళ్ళు మంచిమాట పట్టుకుపోయేవాళ్ళు. ఎక్కువమంది గంటకే వచ్చేవాళ్ళనుకోండి.

చప్పుడు పడనివాడు గంటలు చేసేవాడి దగ్గర చేరడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. తాత అన్నం పెట్టాడు, ఎవరివి, ఎందుకొచ్చావని అడగలేదు. దిక్కులేని మనిషిని కట్టిపడెయ్యడానికి ఆ రెండూ చాలు.

ఎనిమిది నెలలు గడిచాయి. మద్దిలేటి చెవుల్లో దూది కుక్కుకుని, గంటల కొట్టానికి ఎడంగా, చివరి గదిలో ఉండేవాడు. పళ్ళేల చప్పుడు పడక గోడ వెనక కూర్చుని ఆకులో తినేవాడు. పొద్దున తాత చెప్పే నాలుగు మాటలకు మాత్రం దూది తీసేసి అందరికంటే వెనక కూర్చునేవాడు.

శిష్యుల్లో పెద్దవాడు ఖాదర్‌వలి. వంట అతనిదే. ఒకరోజు ఆకులో అన్నం పెడుతూ అడిగాడు: "ఏమప్పా, ఎప్పుడు జూసినా ఒక్కనివే కూచుంటావు?"

అంతకాలంగా ఎవరూ అడగని మాట అది. మద్దిలేటి ఆకు పక్కన పెట్టాడు. "చెవుల్లో ఒక మోత ఉందన్నా. ఎవురూ కొట్టరు, అయినా మోగుతానే ఉంటాది. ఒక్క గడియ గూడా నిలవదు" అన్నాడు.

తూటా సంగతి చెప్పబోయేలోపే ఖాదర్‌వలి చేతిలో గరిటె జారిపోయింది. మద్దిలేటి కళ్ళూ చెవులూ మూసుకున్నాడు. కళ్ళు తెరిచి చూస్తే ఖాదర్‌వలి అతని కాళ్ళ మీద పడి ఉన్నాడు.

సంగతేమిటంటే, మనసు శుద్ధి అయినవాడికి లోపల ఒక నాదం వినిపిస్తుందనీ, ఎవరూ కొట్టకుండానే అది మోగుతుందనీ పెద్దలు చెప్పగా ఖాదర్‌వలి విన్నాడు. దానికోసం పన్నెండేళ్ళుగా రోజూ బొటనవేళ్ళతో చెవులు మూసుకుని కూర్చుంటున్నాడు. దోమ రొదంత కూడా వినిపించలేదు పాపం. నిన్నగాక మొన్న వచ్చినవాడికి రాత్రీ పగలూ మోగుతోందంటే ఇంకేం కావాలి?

వారం తిరక్కుండా ఈ సంగతి చుట్టుపట్ల పల్లెలకు పాకిపోయింది. చెవిలో దేవుడు మోగే మనిషి ఉన్నాడని జనం పాలూ పూలూ పట్టుకొచ్చారు. "అది గనిలో తూటా పేలి..." అని మద్దిలేటి చెప్పబోతే, "దేవుడు ఏదో ఒక సాకు పెట్టుకోనే గదా సామీ వచ్చేది" అని దండం పెట్టారు.

ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఇక్కడ అందరూ నమ్మారు. ఇదే మరీ అన్యాయంగా తోచింది అతనికి.

కొండమీది గుహలో కూర్చోమని అందరూ బతిమాలారు. అక్కడ పిట్ట కూడా కూయదన్నారు. ఆ మాటకే మద్దిలేటి సరేనన్నాడు. నిజం చెప్పాలంటే ఇంకో ఆశ కూడా ఉంది. కన్నబిడ్డ తనను చూసి నోరు మూసుకున్న మనిషికి, పదిమంది వచ్చి కాళ్ళకు మొక్కుతుంటే కాస్త బాగానే ఉంటుంది.

గుహలో నిజంగానే ఏ చప్పుడూ లేదు. కింద ఉన్నప్పుడు గాలి, చేదబావి గిలక, ఎవరెవరివో మాటలు, వీటన్నిటి మధ్య ఒక మూలన సర్దుకుని ఉండేది ఆ మోత. ఇక్కడ దానికి అడ్డు లేకపోయింది. మద్దిలేటి గట్టిగా మాట్లాడి చూశాడు, రాయి మీద రాయి రుద్ది చూశాడు. తల గోడకేసి కొట్టుకోబోయి ఆగాడు. దర్శనానికి వచ్చినవాళ్ళు అతని మొహం చూసి, సామి లోలోపల మునిగిపోయాడని మురిసిపోయారు. కాపాడండని వాళ్ళ కాళ్ళు పట్టుకోవాలనిపించింది అతనికి. ఈ భూమి మీద తనంత ఒంటరివాడు లేడనిపించింది.

ఐదో రోజు పొద్దున కొండ దిగి వచ్చేశాడు.

దస్తగిరి తాత అరుగు మీద కూర్చుని గంట అంచు ఆకురాయితో అరగదీస్తున్నాడు. మద్దిలేటిని చూసి ఆపాడు.

"సామీ, ఇది దేవుని నాదమా, రోగమా? రోగమైతే మందు చెప్పు. దేవుడే అయితే నాకొద్దు, తీసుకపొమ్మను."

తాత అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. "ఎట్లుంటాదప్పా అది?" అన్నాడు.

మద్దిలేటి తెల్లబోయాడు. డాక్టరు అడగలేదు. సుంకులమ్మ అడగలేదు. కాళ్ళమీద పడ్డ ఖాదర్‌వలి కూడా అడగలేదు. ఎట్లుంటుందో చెప్పబోతే మాటే దొరకలేదు. ఈల అన్నాడు, కాదన్నాడు. కీచురాయి అన్నాడు, అదీ కాదన్నాడు. చివరికి గొంతుతో చేసి చూపించబోతే ఎలుక కూతలాంటిదేదో వచ్చింది. సిగ్గేసి తల దించుకున్నాడు.

తాత లోపలికి పోయి గంటల బుట్ట తెచ్చుకున్నాడు. ఒకటి తీసి, గంట నాలుక కదలకుండా పట్టుకుని, అంచును గోటితో మెల్లగా మీటాడు.

"ఇదేనా?"

"కాదు సామీ. ఇంగా పైకి."

"ఇది?"

"ఇంగా."

బుట్ట ఖాళీ అయింది. ఏదీ కాదు. తాత వాటిల్లో అన్నిటికంటే చిన్నదాన్ని, మేకపిల్ల మెడకు కట్టేదాన్ని తీసుకుని నాలుక ఊడదీశాడు. "నువ్వు గోడెనక్కి పో. పిలిచినప్పుడు రా" అని ఆకురాయి పట్టాడు. అంచు అరిగితే గంట పలుకు పైకెక్కుతుంది, లోపల గీకితే దిగుతుంది. కాస్త అరగదీసి పిలవడం, మీటి అడగడం, మళ్ళీ పంపించడం. ఆ రోజంతా అదే పని. మర్నాడూ అదే పని. ఎద్దు గంటలు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళను వచ్చే వారం రమ్మన్నాడు.

మూడో రోజు పొద్దున తాత గంటను మీటాడు. మద్దిలేటి ఏమీ అనలేదు. మళ్ళీ మీటాడు. మద్దిలేటి అట్లాగే చూస్తూ ఉన్నాడు.

"ఏమప్పా, పలకవు?"

"కొట్టినావా సామీ?"

"రెండుమాట్లు కొడ్తి."

ఏది గంట మోతో, ఏది తన చెవిలోదో మద్దిలేటికి తెలియలేదు.

ఈలోగా, గుహలో సామి లేడని దర్శనానికి వచ్చిన జనమంతా తకియా ముందు పోగయ్యారు. ముందు వరసలో ఖాదర్‌వలి. తాత వాళ్ళను కూర్చోమన్నాడు.

"మద్దిలేటి ఇనేది ఇనాలని గదా మీ ఆశ. ఇనిపిస్తా, ఉండండి."

ఇనుప చువ్వతో గంటను కొట్టాడు. సన్నగా, తేటగా మోగింది. అందరి మొహాలూ విచ్చుకున్నాయి. ఖాదర్‌వలి కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. ఆ మోత ఆగకముందే తాత మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. మళ్ళీ. ఒక మోతకూ ఇంకో మోతకూ మధ్య సందు లేకుండా కొడుతూనే ఉన్నాడు.

కాసేపటికి ఒకాయన దగ్గాడు. ఒకామె చంకలో బిడ్డ ఏడుపందుకుంటే అదే సందనుకుని లేచి వెళ్ళిపోయింది. తర్వాత ఒక్కొక్కరే పని గుర్తొచ్చినట్టు జారుకున్నారు. ఖాదర్‌వలి మాత్రం పళ్ళు బిగించి కూర్చున్నాడు. ఎండ అరుగెక్కేసరికి అతని వల్లా కాలేదు.

"చాలు సామీ. తల పగిలిపోతాంది."

"పన్నెండేండ్లు కాచుకున్నావు గదప్పా. ఇంగొంచెంసేపు కూచో."

ఖాదర్‌వలి రెండు చెవులూ మూసుకుని లేచాడు. పోతూ పోతూ మద్దిలేటి వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో భక్తి లేదు. దొంగతనం చేసి పట్టుబడినవాడిలా బావి దిక్కుకు వెళ్ళిపోయాడు.

ఆ పూట తకియాలో తాత కాక చెవులు మూసుకోనివాడు మద్దిలేటి ఒక్కడే. ఆ గంట అతని చెవిలో మోతలోనే కలిసిపోయింది, కొత్తగా గుచ్చుకోలేదు.

తాత ఆపలేదు. కుడిచెయ్యి నొప్పి పెడితే ఎడమ చేతికి మార్చుకున్నాడు. ముసలి మొహమంతా చెమట పట్టింది. కళ్ళు మూతపడుతున్నాయి, నుదుటి మీద నరం కొట్టుకుంటోంది. మధ్యాహ్నం నమాజు వేళకు చువ్వ కింద పెట్టి గంటను అరచేతిలో మూసేశాడు.

కొండా, బావీ, ఎండా అన్నీ నిశ్శబ్దమైపోయాయి. తాత మొహం మీది చెమట తుడుచుకున్నాడు.

"నాకు నిలిచిపాయ" అన్నాడు చివరికి. "నీకు?"

"నిల్లేదు సామీ."

తాత అతని మొహంలోకి చూశాడు. అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఇంత మోతలో నా మాటలు ఎట్ల ఇన్నావురా నాయనా, ఇన్నాళ్ళు?"

మద్దిలేటి మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. రెండేళ్ళుగా ఆపుకున్న ఏడుపు. గట్టిగానే ఏడ్చాడు, ఆ చప్పుడు తన చెవులకే గుచ్చుకుంటున్నా ఆపుకోలేదు.

ఏడుపు తగ్గాక తాత ఆ గంటను గుడ్డలో చుట్టి, చువ్వతో సహా అతని చేతిలో పెట్టాడు.

"ఇంటికి తీసకపో."

"దీంతో బాగైతాదా సామీ?"

"బాగు కాదు."

"మరి ఏంటికి?"

"ఇన్నాళ్ళు నువ్వొక్కనివే ఇన్నావు. ఇంగ మీ యామె గూడా ఒక పూట ఇంటాది."

మద్దిలేటి మూట పట్టుకుని లేచాడు. కొండ దిక్కుకు చూడలేదు. ఎండలోనే ఊరి దారి పట్టాడు.