గుండెకు దంపుడు నేర్పిన నూకాలు

ఒకప్పుడు గుండె తనంతట తాను కొట్టుకునేది కాదు. ఎవరి గుండెను వాళ్ళే చేత్తో తట్టుకోవాలి. అందుకని ఎడమచెయ్యి ఎప్పుడూ గుండెమీదే ఉండేది. అన్నం తిన్నా, కట్టెలు కొట్టినా, తల దువ్వుకున్నా అంతా కుడిచేత్తోనే. ఎడమచేతివాటం వాళ్ళ సంగతి అడక్కండి, వాళ్ళ తిప్పలు వాళ్ళు పడ్డారు.

జంతువులకూ ఇదే పని. ఏనుగు తొండంతో తట్టుకునేది. పాము తోకతో తట్టుకునేది. ఎలుక తన గుండె తట్టుకుంటూ, పిల్లల గుండెలు తడుతూ, తిండికి తీరిక లేక పుల్లలా ఉండేది.

మరి నిద్రో? పడుకున్నవాళ్ళ గుండెను మెలకువగా ఉన్నవాళ్ళు తట్టాలి. ఒక చెయ్యి తన గుండెకు, ఇంకో చెయ్యి వాళ్ళ గుండెకు. ఇంటింటా వంతులే.

నూకాలు, గవరయ్య అలాగే వంతులు వేసుకుని కాపురం చేసుకుంటున్నారు. వాళ్ళకు సింగారి అనే పాప పుట్టింది. ఇప్పుడు ఇంట్లో గుండెలు మూడు. ఒకరు పడుకుంటే మెలకువగా ఉన్నవాళ్ళకు చేతులు రెండే. అత్త పైడితల్లి ఉంటే సరిపోయేది. ఆవిడ కూతురి పురుడుకని ఏరు దాటి వెళ్ళింది. ఏరు పొంగింది. అత్త అవతలే ఉండిపోయింది.

నాలుగు రోజులు మొగుడూ పెళ్ళాలకు కంటిమీద కునుకు లేదు. గవరయ్య కాలితో గుండె తట్టుకుందామని చూశాడు. వెల్లకిలా పడ్డాడు.

"ఇలాగైతే పిల్లని బతికించుకోలేం మావా," అంది నూకాలు. ఆ మాట అనేసి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

అయిదో రోజు పొద్దున్న ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. పక్కింటి కొండమ్మ సాయానికొచ్చింది. గవరయ్య పాపను ఒళ్ళో పెట్టుకుని రెండు గుండెలూ తడుతూ కూర్చున్నాడు. ఆడవాళ్ళిద్దరూ ఒకే రోట్లో వడ్లు పోసి, చెరో రోకలి పట్టుకుని జోడుగా దంచడం మొదలుపెట్టారు. ఒకరి రోకలి లేస్తే ఒకరి రోకలి దిగాలి. ఎవరు తప్పినా రోకళ్ళు ఢీకొంటాయి.

దంచుతూ దంచుతూ నూకాలు నిలబడే నిద్రపోయింది. ఎడమచెయ్యి గుండెమీంచి జారిపోయింది.

"ఓలమ్మో!" అని కొండమ్మ తన రోకలి పారేసి, కుడిచేత్తో నూకాలు గుండె దబదబా తట్టింది. నూకాలు ఉలిక్కిపడి లేచింది.

"సచ్చిపోదువే అమ్మీ! కానీ ఇదేటే, నువ్వు నిద్దరోయినా నీ రోకలి ఆగనేదు!"

నూకాలు తన కుడిచేతిని చూసుకుంది. నిజమే, రోకలి ఇంకా ఆడుతూనే ఉంది. ఎందుకాగలేదు? ఇంతసేపూ ఎదర ఇంకో రోకలి ఆడింది గనక. అది దిగగానే ఇది లేవాలి. ఎడమచేతికి ఆ తోడు లేదు. అది ఒంటరిగా తట్టీ తట్టీ జారిపోయింది.

నూకాలు తన గుండెవైపు తల వంచింది. "ఒసే గుండే! మేం తడతంటే తిండికొచ్చిన సుట్టంలాగ కూకున్నావు. నువ్వే దంచుకోరాదా?"

"నేనొక్కదాన్ని ఎలా దంచేది?" అంది గుండె.

"ఒక్కదానివేటి? నీకు పైగది ఉంది, కిందిగది ఉంది. పైగది ఒక పోటెయ్యాలి, కిందిగది ఒక పోటెయ్యాలి. ఒకరి తరవాత ఒకరు. సూడు, ఇలాగ."

నూకాలు, కొండమ్మ మళ్ళీ దంచి చూపించారు. గుండె కాసేపు విన్నది. తడబడింది. మళ్ళీ విన్నది. పైగది ఒక పోటేసింది. కిందిగది ఒక పోటేసింది. లబ్ డబ్ మని చప్పుడు మొదలైంది. నూకాలు మెల్లగా చెయ్యి తీసేసింది. లబ్ డబ్ ఆగలేదు.

కానీ పాప గుండెకు మాటలు తెలియవు కదా. నూకాలు పాపను తన రొమ్ముకు ఆనించుకుంది.

"తట్టడం ఆపు మావా."

పాప గుండెమీంచి గవరయ్య చెయ్యి లేవలేదు. చివరికి నూకాలే ఆ చెయ్యి లాగేసింది. పాప మొహం పాలిపోయింది. నూకాలుకు ప్రాణం పోయినంత పనైంది. మళ్ళీ తట్టబోయింది. అప్పుడు తన గుండె చప్పుడు పక్కనే ఇంకో చిన్న చప్పుడు వినిపించింది. రోకలి చిన్నది గనక పోటు గబగబా పడుతోంది. పాప కెవ్వుమని ఏడ్చింది. గవరయ్య కూడా ఏడ్చాడు.

ఈ సంగతి ఊరూ అడవీ పాకింది. గవరయ్య, కొండమ్మ గుండెలు అక్కడికక్కడే నేర్చుకున్నాయి. పిల్లల్ని వెంటేసుకుని ఎలుక వచ్చింది. దాని రోకలి గడ్డిపరకంత, అందుకే పోటు మీద పోటు. ఏనుగు వచ్చింది. దాని రోకలి మాను అంత, ఎత్తి దించడానికే బోలెడు సేపు. పరిగెత్తినా, భయపడినా ఏ గుండె అయినా జోరు పెంచింది. చుట్టాలు దిగితే దంపుడు జోరందుకోదూ, అలాగే.

నూకాలు మాత్రం ఇవేవీ చూడలేదు. గుండెమీద చెయ్యేసుకుని హాయిగా రెండు రోజులు నిద్రపోయింది.

లేచేసరికి గుండె అడిగింది, "అమ్మా, చాలా?"

దంపుడు దగ్గర ఇంటి ఇల్లాలు 'చాలు' అంటేనే రోకళ్ళు ఆగుతాయి. అది ఆనవాయితీ. నూకాలు అలవాటు కొద్దీ నోరు తెరిచింది. గవరయ్య ఒక్క గెంతు గెంతి ఆమె నోరు మూసేశాడు.

ఆ మాట ఆమె అనలేదు. ఆమె కూతురూ అనలేదు. అందుకే, కళ్ళు మూసుకోమంటే మూసుకుంటాయి, ఊపిరి బిగబడితే కాసేపు ఆగుతుంది, గుండె మాత్రం ఎవరు ఆపమన్నా ఆగదు. మనం నిద్రపోయినా దాని పాటికి అది దంచుతూనే ఉంటుంది.