రెండు కాలువల తగువు

రేవతుడు మూడు రోజులుగా ఇసుకపలక మీద గీతలు గీస్తూనే ఉన్నాడు. కొండ మీది బౌద్ధ విహారంలోని భిక్షువుల్లో రేఖాగణితం అతనికి వచ్చినంతగా ఇంకెవరికీ రాదు. అందుకే కొండ కింది ఊరివాళ్ళు తమ తగువు తెచ్చి అతని ముందు పెట్టారు.

చుట్టూ కొండలు, మధ్యలో గుండ్రటి లోయ, అందులో ఊరు. ఉత్తరపు కొండ ఊటనుంచి తాగునీరు దక్షిణపు కొండ అంచున ఉన్న ఇళ్ళకు చేరాలి. తూర్పు కొండ అంచున అద్దకంవాళ్ళు బట్టలు ఉతికిన రంగునీరు పడమటి గండిలోంచి బయటికి పోవాలి. దారిలో ఆ రెండూ కలుస్తున్నాయి. అప్పటికే ఇద్దరు పిల్లలు మంచాన పడ్డారు. మగవాళ్ళు కర్రలు పట్టుకుని తిరుగుతున్నారు.

నాలుగో రోజు రేవతుడు ఊరివాళ్ళను పిలిచి తేల్చేశాడు. ఎన్ని వంకర్లు తిప్పినా ఈ లోయలో ఒక కాలువ రెండోదాన్ని దాటక తప్పదు. కాబట్టి అద్దకంవాళ్ళు ఊరు ఖాళీ చెయ్యాలి.

అతని లెక్కలో తప్పు పట్టగలిగినవాడు లేడు. అద్దకంవాళ్ళ పెద్ద నాగక్క రంగుకుండలు బండికెత్తించడం మొదలుపెట్టింది.

సంగతి తెలిసి గురువు నాగబుద్ధి వచ్చి పలక చూశాడు.

"సరిగ్గా ఉంది," అన్నాడు.

రేవతుడి మొహం వెలిగింది.

గురువు కొండ దిగాడు. నాగక్క కొడుకులను పిలిచి, కాలువలు కలిసేచోట రంగుకాలువను మూరెడు లోతు తవ్వమన్నాడు. వాళ్ళ దొడ్లో పడి ఉన్న, తాటిమాను తొలిచిన దోనె ఒకటి మోయించుకొచ్చి, ఆ గుంట మీద ఈ గట్టునుంచి ఆ గట్టుకు తనే సరిచేసి పెట్టాడు. ఊటనీరు వదిలారు. తాగునీరు దోనెలో పోయింది. రంగునీరు దాని కిందనుంచి పోయింది.

నాగక్క బండిలోంచి ఒక్కొక్క కుండా దింపుకుంటోంది.

గురువు వెంట దిగివచ్చిన రేవతుడు గట్టు మీద నిలబడి కిందికి చూస్తూ ఉండిపోయాడు. తన లెక్క తప్పలేదు. అయినా ఊరు నిలిచింది. అది అతనికి మింగుడుపడలేదు.

"భంతే, ఇక్కణ్ణుంచి చూస్తే ఇప్పటికీ ఒకదాన్నొకటి దాటుతూనే ఉన్నాయి."

గురువు చేతుల మట్టి కడుక్కుంటున్నాడు.

"పైనుంచి చూడకు," అన్నాడు. "దిగి, పక్కకొచ్చి చూడు."