ముందు నువ్వు తిను

అనగనగా ఒక రాజు, ఆయనకి ముగ్గురు కొడుకులు. ముగ్గురూ పుల్లల్లా బక్కగా ఉండేవాళ్ళు. తిండి పెట్టలేదనుకునేరు, ఒక్కొక్కడూ పూటకి కుండెడు అన్నం లాగించేవాడు. తిన్నదంతా ఎటు పోతోందో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఒకనాడు జటిలుడనేవాడు వైద్యుణ్ణని చెప్పుకుంటూ కొలువుకి వచ్చాడు. "ఈ లేహ్యం మూడు ముద్దలు తినండి, మూడు రోజుల్లో మల్లయోధులవుతారు" అన్నాడు.

చిన్నవాడు పింగళుడికి మాత్రం అనుమానం. "అంత గొప్పదైతే ముందు నువ్వు తిను" అన్నాడు.

"ఇవాళ నాకు ఉపవాసం నాయనా."

మర్నాడు అడిగినా ఉపవాసమే. ఏం ఉపవాసమో, ఆ దేవుడికే తెలియాలి.

అన్నలిద్దరూ తిన్నారు. మూడు రోజుల్లో బూరెల్లా పొంగారు. కండ కాదర్రా, అంతా నీరు. నాలుగోరోజు మంచం దిగలేకపోయారు, జటిలుడు మాయమైపోయాడు. "వాడు మాంత్రికుడు. మీ అన్నలు తిన్నదంతా వాడి చిలక్కి చేరుతోంది. వాడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది. ఏడు సముద్రాల అవతల, బండ మూసిన గుహలో ఉందది. ఏడాదిలోగా దాన్ని చంపకపోతే వీళ్ళు బతకరు" అన్నాడు ఆస్థాన జ్యోతిష్కుడు పింగళుడితో.

పింగళుడికి ఏడుపొచ్చింది. నీళ్ళబిందె ఎత్తితేనే రొప్పేవాడు బండెలా ఎత్తుతాడు? అయినా అన్నల్ని వదులుకోలేక బయలుదేరాడు.

సముద్రపుటొడ్డున ఒక చీమ పలకరించింది. "నీ కడుపులో పొయ్యి మహా చురుకు. వేసింది వేసినట్టు మండించేస్తుంది. ఒక్కసారే కుక్కుకోకు, రోజుకి ఆరుసార్లు తిను."

"చెబితే నీకేమిటి లాభం?"

"ఆరుసార్లు తింటే ఆరుసార్లు మెతుకులు రాలతాయి కదా."

ఆ మాట నమ్మబుద్ధేసింది. చీమని తలపాగాలో పెట్టుకున్నాడు.

తర్వాత ముసలి ఎలుగుబంటి కనపడింది. "దారిలో ఏడు దీవులున్నాయి, దీవికొక రాయి ఉంది. ఒకదాన్ని మించి ఒకటి బరువు. రోజూ ఎత్తు. తేలికనిపించాకే తర్వాతి దీవికి పో."

"చెబితే నీకేమిటి లాభం?"

"వాటికింద చెదపురుగులుంటాయి. ఎత్తే ఓపిక నాకు లేదు" అని అదీ వెంట బయలుదేరింది.

మూడోది తాబేలు. "నా వీపెక్కండి, దాటిస్తాను. పొద్దుగూకగానే బుద్ధిగా పడుకోవాలి సుమా."

"నేను పడుకుంటే నీకేమిటి లాభం?"

"నువ్వు కుదురుగా లేకపోతే నా వీపు నొప్పెడుతుంది."

మొదటి దీవిలో గుమ్మడికాయంత రాయి. ఎత్తాడు, తిన్నాడు, పడుకున్నాడు. రెండో దీవిలో తిరగలంత రాయి. ఎత్తాడు, తిన్నాడు, పడుకున్నాడు. నెలలు గడిచినా అద్దంలో పెద్ద తేడా లేదు. చీమ అబద్ధమాడిందేమోనని ఎన్నిసార్లు అనుకున్నాడో! ఆరో దీవిలో మాత్రం చొక్కా చేతులు పిగిలిపోయాయి.

ఏడో సముద్రం దాటేసరికి పదకొండు నెలలు గడిచాయి. గుహ ముందు జటిలుడు నిలబడి ఉన్నాడు. "పొరపాటైంది నాయనా. ఇదిగో అసలు లేహ్యం. ఒక్క ముద్ద తింటే ఆ బండ దూదిపింజె."

"ముందు నువ్వు తిను."

"ఇవాళ ఉపవాసం..."

పింగళుడు వాణ్ణి పక్కకి నెట్టి బండ పట్టుకున్నాడు. బండ జానెడు లేచింది, మూరెడు లేచింది, పక్కకి దొర్లింది.

లోపల మందారిక అనే రాజకుమార్తె ఉంది. చిలక్కి మేత పెట్టడానికి జటిలుడు ఎత్తుకొచ్చి బంధించాడు. అలసిపోయిన పింగళుడికి ఆమె జామపండు అందించింది.

"ముందు నువ్వు తిను" అన్నాడు.

ఆమె ఏమీ అనుకోలేదు. సగం కొరికి తిని, మిగతా సగం ఇచ్చింది.

ఇక చిలక సంగతి. అన్నల తిండంతా మెక్కి మెక్కి గుమ్మడిపండంత అయింది, రెక్కలాడించినా లేవలేకపోయింది. పింగళుడు దాని మెడ నులిమాడు. బయట జటిలుడు కుప్పకూలాడు. అక్కడ అన్నలిద్దరూ నీరు దిగి, ఎప్పటి బక్కవాళ్ళయి మంచం దిగారు.

రాజు పింగళుడికి పట్టం కట్టి మందారికతో పెళ్ళి చేశాడు. పెళ్ళిభోజనంలో ఆమె మొదటి ముద్ద కలిపి పట్టుకుంది. ఏమంటాడోనని పంక్తిలో అందరూ తలెత్తి చూశారు. అతను ముద్దకేసి చూశాడు, ఆమె మొహంకేసి చూశాడు.

ఏమీ అడక్కుండా నోరు తెరిచాడు.

చాలాకాలం చల్లగా ఏలారు. రాలిన మెతుకులన్నీ చీమకే.