నరసాయమ్మ కాశీలో వదిలింది

నొప్పితో బతికేవాళ్ళ చేత పొగ మాన్పించడం ఎలా అని ఒక గురువారం పొద్దున దర్శనాల హాల్లో అందరి ముందే ఫణీంద్ర మా గురువుగారిని అడిగాడు. ఆ అడగడంలో విసుగు కొంత, దిగులు కొంత ఉన్నాయి. ఏడుపు కూడా ఎక్కడో దగ్గరలోనే ఉంది.

గురువుగారి అలవాటు మీలో కొందరికి తెలుసు. ప్రశ్న వేస్తే ఆయన వెంటనే జవాబు చెప్పరు. జవాబు అటునుంచే నడిచి వస్తుందన్నట్టు కాసేపు గుమ్మంవైపు చూస్తారు. చాలాసార్లు వచ్చేది కూడా. ఆ రోజు వచ్చిన తీరు మాత్రం ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. వెనకవాళ్ళు కాస్త ముందుకు జరగండి, గట్టిగా చెప్పే కథ కాదిది.

నాగావళి ఒడ్డున మా ఆశ్రమంలో నొప్పుల గది అని ఒకటి ఉండేది. ఫణీంద్ర ఫిజియోథెరపీ చదువుకుని, ఉద్యోగం మానుకుని గురుసేవకు వచ్చినవాడు. ఆ గది అతనిదే. జీడిపిక్కలు కొట్టే బట్టీల్లో ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చుని నడుములు బిగుసుకుపోయినవాళ్ళు, నాట్లు వేసి వేసి మోకాళ్ళు అరిగినవాళ్ళు అక్కడికి వచ్చేవారు. కాపడం పెట్టేవాడు, వ్యాయామం చేయించేవాడు. వచ్చినవాళ్ళలో సగంమంది దగ్గర బీడీ వాసనో చుట్ట వాసనో వచ్చేది. అదేమంటే, ఇది కాలిస్తేనే కాస్త నొప్పి మరుస్తాం బాబూ అనేవారు. ఆ పొగే మీ నరాలకు రక్తం అందకుండా చేసి నొప్పిని పెంచుతోందని ఫణీంద్ర చెప్పి చెప్పి అలిసిపోయాడు.

చివరికి ఒక ఉపాయం పట్టాడు. కాశీకి వెళ్ళినవాళ్ళు తమకిష్టమైన పండో కూరో అక్కడ వదిలేసి వస్తారు కదా, మళ్ళీ జన్మలో ముట్టరు కదా. అదే పద్ధతి ఇక్కడ పెడదామన్నాడు. దర్శనాల హాల్లో ఉన్న శివుడి ముందు ఇత్తడి పళ్ళెం పెట్టించి, బీడీ కట్టలూ చుట్టలూ అందులో వేసి వదిలేశానని చెప్పి దణ్ణం పెట్టమన్నాడు. మొదటి గురువారం పళ్ళెం నిండిపోయింది. మరుసటి గురువారం వాళ్ళందరి దగ్గరా మళ్ళీ అదే వాసన. వదిలినవాళ్ళు వదిలినంత భక్తిగానూ తిరిగి కొనుక్కున్నారు.

ఒక్క నరసాయమ్మ మాత్రం మొదటినుంచీ పళ్ళెం దగ్గరికే రాలేదు. ఫణీంద్ర దిగులంతా ఆవిడ గురించే. ఆవిడది అడ్డపొగ. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, చుట్టను వెలిగించి, ఆ నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని, పెదవులు మూసి కాలుస్తారు మావైపు ఆడవాళ్ళు. ఆవిడ అంగిట్లో పుండు లేచింది. ఆసుపత్రిలో దాని ముక్క తీసి పరీక్ష చేశారు. ఇంకా ముదరలేదు, ఇప్పుడు మానితే బతుకుతుంది, మానకపోతే అంగిలి కోయాల్సి వస్తుంది, అప్పటికీ భరోసా లేదు అన్నారు. ఫణీంద్ర ఆవిణ్ణి బతిమాలాడు, కోప్పడ్డాడు, ఒకసారి కాళ్ళమీద కూడా పడ్డాడు. ఆవిడ తల వంచుకుని వినేది, వెళ్ళి వెలిగించుకునేది.

ఇదంతా అతను చెబుతూ ఉండగానే నరసాయమ్మ మెట్లెక్కి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, పెదవులు విప్పి, లోపలినుంచి ఎర్రగా మండుతున్న చుట్ట బయటికి తీసింది. విజయవాడనుంచి దర్శనానికి వచ్చిన దంపతులు ముందు వరుసలో ఉన్నారు. మనిషి నోట్లోంచి నిప్పు రావడం చూసి ఆ ఇల్లాలు భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. నరసాయమ్మ చుట్టను గోడకు నలిపి ఆర్పి, మిగిలిన ముక్క రొండిన దోపుకుని, గోడ పట్టుకుని మెల్లిగా కూర్చుంది.

పక్కనున్న చల్లయ్య, పోయిన గురువారం పళ్ళెంలో బీడీ కట్ట వేసి సాయంత్రానికి ఇంకోటి కొన్న మహానుభావుడు, ఊరుకోలేదు. "అది నోరు కాదు సామీ, పొయ్యి. పొద్దున ఎలిగించిందంటే రాత్రి కూడొండేదాకా ఆరదు" అన్నాడు. జనం నవ్వారు. ఆవిడా నవ్వింది, మూసిన పెదవులతోనే.

గురువుగారు నవ్వలేదు. ఆవిణ్ణి దగ్గరికి రమ్మన్నారు. ఇక చుట్ట మానమంటారు, ఆవిడ ఒట్టు వేస్తుంది, ఫణీంద్ర కష్టం గట్టెక్కుతుంది అని మేమంతా అనుకున్నాం. ఆయన చుట్ట ఊసే ఎత్తలేదు. నొప్పి ఎక్కడమ్మా అని అడిగారు. నడుములో పుట్టి కాలి మడమ దాకా పాకుతుందని చెప్పింది. ఎన్నాళ్ళనుంచని అడిగారు. పెద్దోడి పెళ్ళికి ముందునుంచీ అంది. అప్పుడు ఆయన మాకెవ్వరికీ ఎప్పుడూ తోచని ప్రశ్న వేశారు.

"నొప్పి లేచినప్పుడు ఏమంటావు తల్లీ?"

"ఏటీ అనను సామీ."

"అమ్మా అని కూడా అనవా?"

నరసాయమ్మ కొంగు సర్దుకుంది. శివుడివైపు ఒకసారి చూసింది. చెప్పకూడనిది చెబుతున్నట్టు గొంతు తగ్గించింది.

"ఆ మాట కాసీలో ఒగ్గీసినాను సామీ."

 చల్లయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

గురువుగారు ఒక్కొక్కటే అడుగుతుంటే ఆవిడ ఒక్కొక్కటే చెప్పింది. వాళ్ళది ఒకే గది ఇల్లు. కోడలు పురిటినుంచి వచ్చిన కొత్త. నొప్పికి తను మూలిగితే పసిగుడ్డు ఉలిక్కిపడి లేచేది, గుక్కపట్టి ఏడ్చేది. కోడలు ఒక్క మాటా అనలేదు, మంచి పిల్ల. కొడుకూ అనలేదు. ఒకనాడు తన మంచం ఎత్తుకుపోయి వీధిలో వేసుకున్నాడు, అంతే. ఆ మంచం చూసి ఆవిడకు అర్థమైంది. ఆ యేడే బస్సు కట్టించుకుని ఊరంతా కాశీ వెళ్ళారు. గంగలో నిలబడి ఒకరు జామపండు అన్నారు, ఒకరు కాకరకాయ అన్నారు. నరసాయమ్మ మూలుగు అంది. ఎవరికీ వినపడకుండా, గంగకు మాత్రమే చెప్పింది.

అంతకుముందు ఎప్పుడో పెళ్ళిలో సరదాకి ఒక చుట్ట కాల్చిందేమో. ఇంటికి వచ్చాక నొప్పి లేచింది, దాంతోపాటు మాట గొంతుదాకా వచ్చింది. విశ్వనాథుడికి ఇచ్చినదాన్ని ఎలా అనడం? చుట్ట వెలిగించి నిప్పు లోపలికి పెట్టుకుంది. నిప్పు లోపలుంటే నోరు తెరవడానికి ఉండదు కదా. అప్పటినుంచీ అలాగే. నిప్పు కాలుతున్నా నోరు తెరవలేదు, పుండు లేచినా తెరవలేదు. మనవడు ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు.

ఫణీంద్ర శివుడి ముందున్న పళ్ళెంవైపు చూశాడు. ఇన్ని గురువారాలు ఆ పళ్ళెంలో ఏం వెయ్యమని ఆవిణ్ణి అడిగాడో అతనికి అప్పుడు తెలిసింది. నాకు పక్కవాళ్ళ మొహం చూడ్డానికి కూడా ధైర్యం చాలలేదు. విజయవాడ ఇల్లాలు కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూస్తోంది.

 కాశీలో ఎలాంటిది వదలమంటారు తల్లీ అని గురువుగారు అడిగారు. ఇష్టమైనదాన్ని అంది. మూలగడమంటే నీకిష్టమా అని అడిగారు. ఆవిడ ఆలోచించింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాట కదా.

"ఎవులికిష్టమవుద్ది సామీ."

"అయితే విశ్వనాథుడు దాన్ని పుచ్చుకోలేదమ్మా. ఇష్టంలేనిది ఆయనెందుకు పుచ్చుకుంటాడు? అది ఇంకా నీదే."

 నరసాయమ్మ నమ్మిందో లేదో మాకు తెలియలేదు. దణ్ణం పెట్టి లేవబోయింది. సగం లేచేసరికి నడుము పట్టేసింది. ఆవిడ చెయ్యి అలవాటుగా రొండిలోని చుట్టముక్క మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. శివుడివైపు చూసింది, గురువుగారివైపు చూసింది, నోరు తెరిచింది.

అమ్మలారా అయ్యలారా, దాన్ని మూలుగు అని ఎలా అనను? ముందు గాలి వచ్చింది, తరువాత అమ్మా అన్న మాట వచ్చింది, అది ఇక ఆగలేదు. ఇన్నేళ్ళదీ ఒక్కసారిగా వచ్చింది. తెరిచిన ఆ నోట్లో, తెల్లగా పాలిపోయిన అంగిట్లో, ఎర్రటి పుండు మా అందరికీ కనిపించింది. ముందు వరుసవాళ్ళు వెనక్కి జరిగారు. హారతికి గంట పట్టుకున్న పూజారిగారు దాన్ని మోగకుండా రెండు చేతులతోనూ అదిమి పట్టుకున్నారు. ఆవిడ నేలమీద చతికిలబడి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అమ్మా అంది.

ఫణీంద్ర తట్టుకోలేకపోయాడు. వైద్యం చేసే చేతులు కదా, ఊరుకోవు. పరుగున వెళ్ళి ఆవిడ పక్కన మోకరించి, ఊరుకో అమ్మా, ఊరుకో అంటూ భుజం నిమరబోయాడు.

గురువుగారు లేచి వచ్చి అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఊరుకోమనకు నాయనా. కూర్చుని విను. ఆవిడ చుట్ట గురించే చెబుతోంది."