కొనకుండా వెళ్ళినవాళ్ళు

చీపురుపల్లి రైల్వే గేటు దగ్గర ఆక్సిజన్ సిలిండర్లు అమ్మే గంగునాయుడికి, సరుకు విలువను బట్టి కాకుండా కొనడానికి వచ్చినవాడి తొందరను బట్టి ధర చెప్పే అలవాటు ఉండేది.

ఆ సిలిండర్లు వెల్డింగు పనివాళ్ళకు కావాలి. గంగునాయుడు విశాఖపట్నం ప్లాంటులో వాటిని నింపించి తెచ్చేవాడు. ఖాళీది తీసుకుని నిండుది ఇచ్చేవాడు. వచ్చినవాడు స్కూటరు ఆపి, స్టాండు వేసి, తాపీగా లోపలికి వస్తే ఒక ధర చెప్పేవాడు. ఇంజను ఆపకుండా వీధిలోంచే కేకేస్తే ఇంకో ధర చెప్పేవాడు. కోతల రోజుల్లో ట్రాక్టరు విరిగిందని ఎవరైనా పరిగెత్తుకొస్తే, ముందు అతనికి మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాత ధర చెప్పేవాడు. "నేనేం బలవంతం చేశానా? ఇష్టమైతేనే కదా తీసుకుంటున్నారు" అనేవాడు. షాపులో కూర్చుని రసీదులు రాసే భార్య రవణమ్మ ఆ మాట విని తల వంచుకునేది.

ఒక్క సన్యాసిరావు దగ్గర మాత్రం అతను అసలు ధరే తీసుకునేవాడు. సన్యాసిరావు వెల్డరు. ఊళ్ళో సగం ఇళ్ళ గేట్లు, కిటికీ గ్రిల్లులు అతను చేసినవే. అతని భార్య పైడితల్లి వాటికి రంగు వేసేది. గంగునాయుడు షాపు తెరిచిన రోజున మొదటి సిలిండరు కొన్నది సన్యాసిరావే. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరూ ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవారు. పైడితల్లిని గంగునాయుడు "చెల్లెమ్మా" అనేవాడు.

ఒక వేసవిలో దేశమంతా పెద్ద జబ్బు వ్యాపించింది. జ్వరంతో మొదలై ఊపిరితిత్తులను పట్టేసేది. ఆసుపత్రుల్లో మంచాలు దొరకలేదు. జనం రోగుల్ని ఇంట్లోనే పడుకోబెట్టి ఆక్సిజన్ కోసం తిరగసాగారు. వెల్డింగు పనులు ఆపి, ఉన్న ఆక్సిజనంతా రోగులకే ఇవ్వాలని ప్రభుత్వం చెప్పింది.

గంగునాయుడు వెల్డర్లందరి దగ్గరకూ వెళ్ళి సిలిండర్లు వెనక్కి అడిగాడు. కొందరు గొణిగారు. సన్యాసిరావు తన షెడ్డులో ఉన్న నాలుగూ ఇచ్చేశాడు. వాటిలో ఒకటి సగం నిండే ఉంది.

"ఇది ఉంచుకో బావా, ఇంకా గ్యాసుంది" అన్నాడు గంగునాయుడు.

"పనే లేదు కదా. ఎవరికో ఒకరికి ఊపిరవుతుంది, పట్టుకెళ్ళు" అన్నాడు సన్యాసిరావు. తనే దాన్ని ఆటోలోకి ఎక్కించాడు.

మొదటి రెండు రోజులూ గంగునాయుడు న్యాయంగానే అమ్మాడు. ప్లాంటువాళ్ళు ధర పెంచారు, లారీ కిరాయి పెరిగింది. ఆ మేరకు అతనూ కొంచెం పెంచాడు. మూడో రోజు ఒకాయన కారులో వచ్చాడు. కారు తలుపు కూడా మూయకుండా లోపలికి పరిగెత్తాడు. ధర అడగలేదు. జేబులో ఉన్న నోట్లన్నీ బల్ల మీద పెట్టి, "సరిపోతాయా?" అన్నాడు.

గంగునాయుడు ఆ నోట్ల వైపు చూశాడు. అంత తొందరను అతను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"సరిపోతాయి" అన్నాడు.

ఆ తర్వాత అతనికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. నాలుగు వందలకు ఇచ్చే సిలిండరు వారం తిరిగేసరికి ఆరు వేలయింది. పైగా పాతిక వేలు డిపాజిట్. షాపు ముందు జనం పెరిగారు. ప్రతివాడికీ విడిగా చెప్పలేక గంగునాయుడు ఒక బోర్డు రాయించి గుమ్మానికి తగిలించాడు. ధర, డిపాజిట్, వాటి కింద పెద్ద అక్షరాలతో "బేరం లేదు, అప్పు లేదు" అని ఉంది.

రవణమ్మ ఉండబట్టలేక అడిగింది. "ఇంత తీసుకోవాలా? మనకయ్యే ఖర్చు అందులో పదో వంతు కూడా లేదు."

"కడుతున్నారు కదా."

"కట్టలేనివాళ్ళ మాటేమిటి?"

"అలాంటివాళ్ళు ఒక్కరు కూడా రాలేదు. నువ్వే రసీదులు రాస్తున్నావు. కట్టలేనని ఎవరైనా అన్నారా?"

రవణమ్మ వీధివైపు చూసింది. "కొందరు బోర్డు దాకా వచ్చి తిరిగిపోతున్నారు. నేను చూస్తూనే ఉన్నాను."

"కొననివాళ్ళ సంగతి మనకెందుకు? కొనేవాళ్ళకే సరుకు చాలడం లేదు" అన్నాడు గంగునాయుడు.

అంతలో, జనం కష్టంలో ఉంటే కొన్ని షాపులవాళ్ళు దోచుకుంటున్నారని పేపర్లో వచ్చింది. ఆ జాబితాలో గంగునాయుడి షాపు పేరు కూడా ఉంది. జిల్లా కేంద్రం నుంచి ఒక అధికారి వచ్చాడు.

"నేనొక్కడినేనా సార్ పెంచింది?" అన్నాడు గంగునాయుడు. "ప్లాంటువాళ్ళు పెంచలేదా? లారీవాళ్ళు పెంచలేదా? నేను షాపు మూసేసుకుని కూర్చుంటే ఈ ఊరికి సిలిండర్లు ఎవరు తెస్తారు?"

"వాళ్ళు ఎంత పెంచారో ఈ బిల్లుల్లో ఉంది. నువ్వు ఎంత పెంచావో ఆ బోర్డు మీద ఉంది" అన్నాడు అధికారి. జరిమానా రాశాడు. సిలిండరుకు ఇంతకు మించి తీసుకోకూడదని ఒక ధర చెప్పి వెళ్ళాడు.

గంగునాయుడు జరిమానా అక్కడికక్కడే కట్టాడు. బోర్డు మీద సిలిండరు ధర దిద్దించాడు. తగ్గించినదంతా "రవాణా, సర్వీసు" అని ఇంకో వరస రాయించి అందులో కలిపాడు. ఆ సాయంత్రం భోజనం దగ్గర, "దొంగను చూసినట్టు చూశాడు. ఎంతమంది ప్రాణాలు నిలబెట్టానో వాడికేం తెలుసు?" అన్నాడు. ఆ మాట అతను నిజంగానే నమ్మాడు. సిలిండరు మోసుకుపోతూ అతనికి దణ్ణం పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు.

రెండు నెలలకు జబ్బు తగ్గుముఖం పట్టింది. షాపులు తెరిచారు. గంగునాయుడు ఆ డబ్బుతో గరివిడి రోడ్డులో స్థలం కొని గోడౌను కట్టించాడు. దానికి పెద్ద ఇనుప గేటు కావాలి. గేటు అనగానే సన్యాసిరావు గుర్తొచ్చాడు. వెల్డర్లందరూ మళ్ళీ సిలిండర్లు పట్టుకెళ్తున్నా అతను మాత్రం రాలేదని కూడా అప్పుడే తోచింది. మర్నాడు పొద్దున్నే బండి మీద అతని షెడ్డుకు వెళ్ళాడు.

సన్యాసిరావు ఒంటరిగా కూర్చుని పాత కిటికీ గ్రిల్లుకు పట్టిన తుప్పు గీకుతున్నాడు. పక్కన రంగు డబ్బా మూత తీయకుండా ఉంది. షెడ్డు గోడకు పైడితల్లి ఫోటో వేలాడుతోంది. దానికి దండ వేసి ఉంది.

గంగునాయుడు ఫోటో దగ్గరకు వెళ్ళాడు. "చెల్లెమ్మకు ఏమయింది?" అన్నాడు.

"అందరికీ వచ్చిందే" అన్నాడు సన్యాసిరావు. గీకుడు ఆపలేదు. "నాలుగు రోజులు జ్వరం. అయిదో రోజు ఊపిరి అందలేదు. విజయనగరం తీసుకెళ్ళాను. ఆసుపత్రి మెట్ల మీద ఉండగానే పోయింది."

"నాకెందుకు చెప్పలేదు బావా? నా దగ్గరకు రావలసింది కదా. నీకు నేను సిలిండరు ఇవ్వనా?"

"వచ్చాను."

"ఎప్పుడు?"

"ఆ అయిదో రోజే, సోమవారం పొద్దున. మీరు లోపల ఫోను మాట్లాడుతున్నారు, రవణమ్మగారు ఇంకా షాపుకు రాలేదు. బోర్డు చదివాను. నా దగ్గర పదకొండు వేలున్నాయి. పాతిక వేల డిపాజిట్ ఎక్కణ్ణుంచి తెస్తాను?"

"ఆ బోర్డు నీకు కాదు. ఒక్క మాట అడిగితే…"

సన్యాసిరావు అప్పుడు చేతిలో ఉన్న ఉలి కింద పెట్టాడు. "నా ముందు ఒక ముసలాయన ఉన్నాడు. కొంచెం తగ్గించమని షాపులో పనిచేసే మీ కుర్రాణ్ణి అడిగాడు. అతను బోర్డు చదవమన్నాడు. ఆయన చదవడం రాదన్నాడు. పక్కవాళ్ళు చదివి వినిపించారు. ఆయన వెళ్ళిపోయాడు. అదంతా చూశాక, నాకు మాత్రం తగ్గించండని ఎలా అడగను? పోనీ అడిగాననుకోండి, మీరు కాదంటే? రేపు మళ్ళీ మీ దగ్గరే సిలిండరు కొనుక్కుని బతకాలి నేను. అడగడానికి నోరు రాలేదు. తిరిగి వెళ్ళిపోయాను."

గంగునాయుడి జేబులో గేటుకు బయానా కింద ఇద్దామని తెచ్చిన నోట్ల కట్ట ఉంది. దాన్ని తీసి గ్రిల్లు పక్కన పెట్టాడు.

"ఇదేమిటి?"

"ఉంచు. పిల్లలకు…"

"ఇది ఆ సోమవారం కావలసింది" అన్నాడు సన్యాసిరావు. కోపంగా అనలేదు. కట్ట తీసి గంగునాయుడి చేతిలో పెట్టాడు. "మీరు వచ్చిన పనేమిటో చెప్పండి."

గంగునాయుడు కట్టను జేబులో పెట్టుకుని, "గోడౌనుకు గేటు" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి సిగ్గువేసింది.

"చేస్తాను. కొలతలు ఇవ్వండి."

"ఎంత తీసుకుంటావు?"

"ఎప్పుడూ తీసుకునేదే, నాయుడుగారూ."

తను వచ్చినప్పటి నుంచి సన్యాసిరావు తనను "మీరు" అంటున్నాడని, ఒక్కసారి కూడా "బావా" అనలేదని గంగునాయుడికి అప్పుడు తెలిసింది. జరిమానా కట్టిన రోజున కలగని అవమానం అతనికి ఆ మాటతో కలిగింది.

ఇంటికి వచ్చి రవణమ్మకు అంతా చెప్పాడు. ఆమె పైడితల్లి పేరు చెప్పుకుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, లోపలి నుంచి రసీదు పుస్తకాలు తెచ్చి అతని ముందు పెట్టింది.

మర్నాటి నుంచి గంగునాయుడు ఆ రసీదుల్లో ఉన్న ఇళ్ళకు ఒక్కొక్కటిగా వెళ్ళాడు. గోడౌనును స్థలంతో సహా అమ్మేశాడు. ఖర్చులు పోను ఎక్కువ తీసుకున్నదంతా తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాడు. కొందరు తీసుకున్నారు. ఒక రిటైరైన పోస్టుమాస్టరు అతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. ఒక ఇంట్లో తలుపే తీయలేదు. ఇంకో ఇంట్లో ఒక టీచరమ్మ గుమ్మంలో నిలబడే నోట్లు అందుకుంది.

"మా నాన్నగారికి సిలిండరు ఇచ్చారని ఆ రోజు మీకు దణ్ణం పెట్టాను. అందులో మీరు మిగుల్చుకున్నది ఇంతని నాకు తెలియదు" అంది.

గంగునాయుడు తలదించుకుని, "నాన్నగారు బాగున్నారా?" అని అడిగాడు.

"బాగున్నారు. నా గాజులు అమ్మగలిగాను కాబట్టి ఉన్నారు" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మూడు నెలల్లో పుస్తకాలు పూర్తయ్యాయి. చివరి ఇంటి నుంచి వచ్చిన రోజున అతను అరుగు మీద కూర్చుని రవణమ్మతో అన్నాడు. "ఇచ్చేయవలసినవాళ్ళందరికీ ఇచ్చేశాను. కానీ మనసు తేలికపడలేదు."

"కొన్నవాళ్ళకు ఇచ్చారు" అంది రవణమ్మ.

గంగునాయుడు తలూపాడు. కొన్నవాళ్ళ పేర్లు, ఊర్లు, ఫోను నంబర్లు ఆ పుస్తకాల్లో ఉన్నాయి. బోర్డు చదివి తిరిగిపోయినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. చదవడం రాని ఆ ముసలాయన ఏ ఊరివాడో, ఎవరి కోసం వచ్చాడో ఎవరికీ తెలియదు. వాళ్ళ ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగే దారి కూడా అతనికి లేదు.

అప్పటి నుంచి గంగునాయుడు ఎవరు వచ్చినా, ఎంత తొందరలో వచ్చినా ఒకే ధరకు అమ్మాడు. రోగులకైతే డిపాజిట్ లేకుండా ఇచ్చాడు. గుమ్మం దాకా వచ్చి ఆగినవాణ్ణి చూస్తే తనే లేచి బయటికి వెళ్ళి, "ఏం కావాలి?" అని అడిగేవాడు. సన్యాసిరావు మళ్ళీ అతని దగ్గరే సిలిండర్లు కొన్నాడు. మర్యాదగా మాట్లాడాడు, సరిగ్గా డబ్బు కట్టాడు. కానీ "బావా" అని మాత్రం మళ్ళీ ఎన్నడూ పిలవలేదు.

నీతి: ఆపదలో ధర పెంచినవాడికి కొన్నవాళ్ళు మాత్రమే కనిపిస్తారు, కొనలేక నష్టపోయినవాళ్ళు కనిపించరు. తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వవచ్చు కానీ పోయిన ప్రాణం తిరిగి ఇవ్వలేం. కాబట్టి ఎదుటివాడి కష్టాన్ని మన లాభంగా మార్చుకోకూడదు.